కలము సాగని కాలము

వ్రాయవలెనను కోరిక గలవారు మన ఇండ్లలో పెక్కుమంది కలరు. వ్రాసి ముగించినవారు కొలదిమందియే. కాగితము ముందుంచుకొని కూర్చుండుట, నాలుగు పంక్తులు వ్రాసి కొట్టివేయుట, తుదకు విసుగుపడి లేచిపోవుట అందరెరిగినదే. దీనికి లోకము రెండు కారణములు చెప్పుచుండును. సరస్వతీకటాక్షము లేదని కొందరందురు, సోమరితనమని కొందరందురు. పాశ్చాత్యదేశములలో 20వ శతాబ్ది మధ్యమున మనస్తత్త్వ వైద్యులు దీనికొక వ్యాధినామము పెట్టి, రచయిత మనస్సులో దాగిన చిక్కుముడులను వెదకసాగిరి. ఈ మాటలలో దేనిని గాని మేము పూర్తిగా త్రోసివేయము. కాని చరిత్రను పరికింపగా వేరొక కారణము వీటికంటె పెద్దదిగా కనబడుచున్నది. కలము ఆగుటకు హేతువు తరచుగా వ్రాయువాని లోపల గాక వాని చుట్టును ఉండును. వినువారు లేకపోవుట, చదువువారు లేకపోవుట, అచ్చువేయువారు లేకపోవుట, నీ భాష భాషయే కాదను హేళన, మా ఊరి సంగతులు వ్రాతకు తగినవి కావను వెరపు, ఇవన్నియు కూడి చేయి పట్టుకొని నిలుపును. అడ్డు బయట నున్నప్పుడు దానికి మందును బయటనే వెదకవలసి యుండును గదా!

ఈ మాటను ఊహగా విడువక ఒక సీమ చరిత్రతో సరిచూడ దలచితిమి. అందులకు గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములను ఎన్నుకొంటిమి. 2016లో మహబూబునగరము జిల్లానుండి విడివడి ఇవి మూడును వేరువేరు జిల్లాలైనవి. అంతకు పూర్వము ఇదంతయు పాలమూరు సీమ. కృష్ణా తుంగభద్రల నడిమి నేలను నడిగడ్డ యందురు. గద్వాల దానికి ముఖ్యస్థానము. కృష్ణకు ఈవల వనపర్తి. దానికి తూర్పుగా నల్లమల యడవుల వైపు సాగిన నేల నాగరుకర్నూలు. రెండు పెద్దనదులు పారుచున్నను కరవునకు పేరుపడిన సీమ యిది. ఇక్కడి కూలీలు దేశమందలి ఆనకట్టలకు మట్టి తవ్విరి, రాళ్లు మోసిరి. తమ పొలములకు మాత్రము నీరు తెచ్చుకొనలేకపోయిరి. ఇట్టి నేలపై రచయిత ఎట్లు పుట్టెను, ఎక్కడ ఆగెను, ఎట్లు మరల సాగెను అనునది మన ఇంటి కలములకును ఒక పాఠము కాగలదు.

నిజాము రాజ్యములో సామంతులుగా నుండిన సంస్థానములలో గద్వాల, వనపర్తి పేరెన్నిక గన్నవి. గద్వాల కోటను కట్టించిన సోమనాద్రి వంశమున పుట్టిన పాలకులు పండితులను ఆదరించిరి. తుది పాలకురాలైన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి కాలమునను ఆ యాదరము తగ్గలేదు. విద్వద్గద్వాల యను పేరు దానికి ఊరక వచ్చినది కాదు. కోస్తా సీమనుండి తిరుపతి వేంకటకవులవంటి అవధానులును గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములను వెదకికొని వచ్చి సన్మానము లందిరి.

ఆస్థానమును నేటివారము నవ్వుటకు ముందు, అది కవికి చేసిన మేలేమో గుర్తింపవలెను. ఆస్థానమున కవికి విషయము దొరకలేదని కూర్చుండుటకు వీలు లేదు. ఎవరో ఒకరు సమస్య నిత్తురు. సభ ఎదుట నుండును. పూరణము అప్పటికప్పుడే కావలెను. ఛందస్సు ఒక గట్టు, గడువు ఒక గట్టు. వాటి నడుమ మాట కాలువవలె పారవలసినదే. అవధాని నిత్యము చేయు పని యిదియే. వాడు స్ఫూర్తి వచ్చువరకు వేచియుండడు, వేచియుండనేరడు. పద్యము చెప్పిన వెంటనే తలలూపు పండితులు, తప్పు పట్టు పండితులు ఇరువురును ఎదుటనే యుందురు. వినువాడు ఎదుట నున్నపుడు నోరు తెరచుట సులభము. కలము సాగుటకు కావలసిన మూడు సాధనములు, అనగా పిలుపు, గడువు, శ్రోత, ఆస్థానమున అమరియుండెను.

అయినను ఆ యేర్పాటులో ఒక పెద్దలోపము కలదు. పిలుపు రాజుది, శ్రోత రాజు, బహుమానము రాజుది. కావున విషయమును రాజునకు నచ్చునదే కావలెను. నడిగడ్డలో జొన్న పండించు కాపు ఏమి తినెను, వానిపై ఎంత పన్ను పడెను, వాని భార్య ఎన్ని కోసుల నుండి నీరు తెచ్చెను అను సంగతులు సమస్యగా నీయబడవు. రాజు మారినచో, ఖజానా తరిగినచో కలమును ఆగిపోవును. 1949లో హైదరాబాదు రాష్ట్రమున జాగీరులు రద్దు కాగా ఆ సంస్థానముల యుగమును ముగిసినది. ఒక్క శ్రోతనే నమ్ముకొనిన రచన ఆ శ్రోతతో కూడ పోవుననుటకు ఇదియే నిదర్శనము.

ఆస్థానము వెలుపల నుండినవారి స్థితి మరియు కష్టము. నిజాము పాలనలో అధికారభాష ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనమంతయు ఉర్దూలోనే. తెలుగు ఇంటిలో మాటలాడుకొనుటకు మాత్రము మిగిలిన భాష. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన దాక తెలుగువారు గుమిగూడి తెలుగుపుస్తకము చదువుకొనుటకు ఆ మహానగరమున చెప్పుకోదగిన చోటు లేకుండెను. 1921 నవంబరులో వివేకవర్ధిని మందిరమున జరిగిన సంఘసంస్కార సభ కథ ఎరుగనివారు లేరు. ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో మాటలాడినవారిని సభ విన్నది. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగానే గేలి చేసినది. స్త్రీవిద్యకై జీవితము ధారవోసిన కార్వేగారు అధ్యక్షులుగా నున్న సభలో, సంస్కారమును కోరినవారి సభలో, ఇది జరిగినది. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది.

ఈ హేళన కలముపై చేయు పనిని మనము చక్కగా అర్థము చేసికొనవలెను. హేళనకు గురియైనవాడు మరునాడు బహిరంగముగా ఏడువడు. మెల్లగా నోరు మూసికొనును. తన మాట వ్రాయబోవునపుడు, ఇది ఎవరు చదువుదురు, చదివినను నవ్వుదురేమో అను శంక ముందు వచ్చి కూర్చుండును. వాడు దానిని తన యసమర్థత యనుకొనును. తనకు ప్రతిభ లేదని సరిపెట్టుకొనును. బయటనుండి వచ్చిన అడ్డు ఇట్లు లోపలి అడ్డుగా వేషము మార్చుకొనును. ఈ మాయను పోల్చుకొనుటయే రచయిత యగుటలో తొలిమెట్టని మేము తలంతుము.

ఆ మాయను పోల్చుకొనినవారిలో మొదట చెప్పదగినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆయన 1896 మే 28వ తేదీన జన్మించిరి. స్వగ్రామము గద్వాల సంస్థానమునకు చెందిన ఇటిక్యాలపాడు. కర్నూలులోను, హైదరాబాదులోను, మదరాసులోను చదివి న్యాయశాస్త్రపట్టము పొందిరి. మదరాసున వేదము వేంకటరాయశాస్త్రిగారి యొద్ద తెలుగుసాహిత్యమును అభ్యసించిరి. సంస్కృతము, ఉర్దూ, పారసీకము, ఆంగ్లము ఎరిగినవారు. కొంతకాలము న్యాయవాదవృత్తి చేసిరి. హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహపు కార్యభారమును వహించి అందు మంచి గ్రంథాలయమును పెంచిరి. ఆ వసతిగృహమునకు ప్రాణము పోసిన రాజబహద్దూర్ వేంకటరామారెడ్డిగారు వనపర్తి సంస్థానమునందలి రాయణిపేటలో పుట్టినవారు. ఇట్లు ఆస్థానముల నేలనుండి వచ్చిన యిరువురు, రాజునకు బదులు విద్యార్థిని, చదువరిని పోషించు పనికి పూనుకొనిరి. శ్రోత మారినాడు; రచనయు మారవలసి వచ్చినది.

1926 మే 10వ తేదీన ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలువడెను. అంతకు నాలుగేండ్ల ముందు, 1922లో, నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తినుండి తెలుగుపత్రికయు పుట్టి దారి చూపినవి. గోలకొండ పత్రిక వారమునకు రెండుమారులు వెలువడెడిది. ఈ రెండుమారులు అను మాటను గమనింపుడు. మూడునాళ్లకో, నాలుగునాళ్లకో పుటలు నిండవలెను. సంపాదకునికి తలనొప్పియైనను, మనసు బాగుండకున్నను, వార్త రాకున్నను అచ్చుయంత్రము ఆగదు. వ్యాసము రానిచోట తానే వ్యాసము వ్రాయవలెను. విమర్శ కావలసినచోట తానే విమర్శకుడు. కథ కొరవడినచోట తానే కథకుడు. ఆయన తన పేరుతోను, మారుపేర్లతోను వ్రాసిరి. పండుగలు, గ్రంథాలయములు, రామాయణ విశేషములు, నాటకము, కథ, చరిత్ర, ప్రజల హక్కులు, ఇన్ని త్రోవల నడచిన కలము మరియొకటి ఆ రాష్ట్రమున అరుదు. ఆస్థానకవికి రాజు గడువు పెట్టెను. ఈయనకు చదువరి గడువు పెట్టెను. ఆ గడువే ఆయనను రచయితగా తీర్చినది.

పత్రికపై సర్కారు కన్ను పడుట సహజము. ఒకప్పుడు, అనుమతి లేనిదే సంపాదకీయము ప్రకటింపరాదని ఆంక్ష విధింపబడెను. పత్రికాసంపాదకునికి ఇంతకంటె పెద్ద అడ్డు ఏది? సంపాదకీయము మాని మౌనముగా నుండవచ్చును. పాలకులకు నచ్చునట్లు వ్రాయవచ్చును. ప్రతాపరెడ్డిగారు ఈ రెండును చేయలేదు. సంపాదకీయము ఉండవలసిన చోట ప్రపంచమందలి మహామేధావుల సూక్తులను ఏర్చికూర్చి ప్రకటింపసాగిరి. తన నోరు కట్టివేయగా ఇతరుల నోట తన మాట పలికించిరి. ఆ చోటును ఖాళీగా విడువకుండుటయే ముఖ్యము. నేడు నీవు వ్రాయదలచినది వ్రాయలేకపోయినచో మరియొకటి వ్రాయుము. అదియు సాగనిచో మంచి మాట నొకదానిని ఎత్తి వ్రాసికొనుము. కూర్చుండు చోటును మాత్రము వదలకుము. ఆయన చేసిన పనిలో మాకు కనబడు ఉపదేశమిది.

ఇంతకంటె కఠినమైన పరీక్ష మరియొకటి వచ్చినది. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు లేనే లేరని ఒక పండితుడు వ్రాసెను. ఆ మాటకు ఎన్నివిధములుగ బదులు చెప్పవచ్చునో చదువరులు ఊహింపుడు. కోపముతో ఒక ఖండనవ్యాసము వ్రాయవచ్చును. పూర్వకీర్తిని తలచుకొని తృప్తి పడవచ్చును. రంగనాథ రామాయణ కర్తగా చెప్పబడు గోన బుద్ధారెడ్డి వంశము ఏలిన వర్ధమానపురము నాగరుకర్నూలు చెంతనే యున్నదని గర్వించి యూరకుండవచ్చును. ప్రతాపరెడ్డిగారు లెక్కించుటకు పూనుకొనిరి. పత్రికాముఖమున కవులకు పిలుపునిచ్చి, వారి వివరములను, పద్యములను తెప్పించి, పరిశీలించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు చేరిన కవుల సంఖ్య 354.

ఈ సంచికను మనవారు సాధారణముగా తెలంగాణపు ఆత్మగౌరవమునకు గుర్తుగా చెప్పుకొందురు. అది నిజమే. మేము మరియొక కోణమునుండి చూచుచున్నాము. ఆ 354 మందిలో ఎందరి పద్యములు తాటియాకులలో, లెక్కల పుస్తకముల వెనుక పుటలలో, భజనమందిరపు కాగితములలో పడియుండెనో గదా! వారు కవులు కారని ఒకడు పలుకుటకు కారణము వారు వ్రాయకపోవుట కాదు. వ్రాసినది ఒకచోట చేరకపోవుట. మూలనున్న పద్యము కవికే కొన్నాళ్లకు పద్యముగా తోచదు. అచ్చులో తన పేరు చూచుకొని, ప్రక్క పుటలో పొరుగూరి కవిని చూచి, మరునాడు ఆ కవి కలము పట్టకుండునా? తన యొక్కని రచన సాగుటకు ప్రతాపరెడ్డిగారు ఇందరి రచనను సాగింపవలసి వచ్చినది. సాటివారు లేని రచయిత ఎక్కువ దూరము నడువలేడు. ఇతరుల వ్రాతను ప్రేమతో ఏర్చికూర్చుట తన వ్రాతకు నష్టమని తలచువారు ఈ చరిత్రను మరల చదువవలెను.

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆయన కృషికి శిఖరము. రాజుల వంశావళులను, యుద్ధములను వ్రాయుటకు శాసనములు కలవు, బఖైరులు కలవు. ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి, ఏ జాతరలు చేసిరి, ఏ పన్నులు కట్టిరి అని వ్రాయబూనిన చరిత్రకారునికి దారిలో పెద్దగోడ ఎదురగును. ఆధారములు లేవు! ఈ లేదను మాటయొద్దనే పలువురు ఆగిపోయిరి. ప్రతాపరెడ్డిగారు ఆధారములను అందరు చూచిన చోటనే, ఎవరును చూడని కంటితో వెదకిరి. పాల్కురికి సోమనాథుని కావ్యములలో, క్రీడాభిరామములో, ఆముక్తమాల్యదలో, శుకసప్తతిలో, హంసవింశతిలో, శతకములలో, సామెతలలో పండితులు అలంకారములను వెదకుచుండగా, ఈయన వంటలను, నగలను, వాద్యములను, బిచ్చగాండ్ర పాటలను, బాలుర ఆటలను వెదకిరి. అర్థము తెలియని మాట కనబడినపుడు నిఘంటువుతో ఆగక పల్లెవారి నోట విని సరిచూచిరి. తూర్పు చాళుక్యుల కాలము మొదలుకొని శతాబ్దుల తెలుగుబ్రతుకు ఇట్లు ఒక పుస్తకముగా కూడినది.

ఆయన 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, 1953 ఆగస్టు 25వ తేదీన పరమపదించిరి. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ప్రకటించిన మొదటి బహుమానము 1955లో ఆ గ్రంథమునకే దక్కినది. పద్యకావ్యమునకు గాక, నవలకు గాక, కూడు గుడ్డలను గూర్చిన చరిత్రకు ఆ గౌరవము దక్కుట తెలుగువారి వివేకమునకు గుర్తు.

ఇచట ఒక ఆక్షేపణము రాగలదు. పత్రికావ్యాసములకు, చరిత్రకు గడువును శ్రమయును చాలునేమో గాని, కవిత్వము అట్టిది కాదు. అది తనంత తాను రావలెను. బలవంతముగా వ్రాసినది ఎండు కట్టె వంటిది అందురు. ఇందు నిజము లేకపోలేదు. వేచియుండుట యొకటి, ఆగిపోవుట మరియొకటి. విత్తనము చల్లి వానకై చూచు కాపు వేచియున్నవాడు. దున్నకయే వానను తిట్టువాడు ఆగిపోయినవాడు. పైకి ఇరువురును కూర్చుండియే కనబడుదురు. వాన పడినపుడు వారి భేదము తెలియును.

ఆంగ్లనవలాకారుడు ఆంథొనీ ట్రొల్లొప్ తపాలాశాఖలో ఉద్యోగము చేయుచు ప్రతిదినము ఉదయము 5.30 గంటలకు బల్లయొద్ద కూర్చుండి, గడియారము ఎదుట పెట్టుకొని, పావుగంటకు 250 మాటల వంతున వ్రాసెడివాడు. ఇట్లు 47 నవలలు వ్రాసెను. 1883లో, ఆయన మరణానంతరము వెలువడిన స్వీయచరిత్రలో ఈ రహస్యము బయటపడగా, కళను చెప్పులు కుట్టుటవలె చేసెనని కొందరు ఈసడించిరి. మాకు అందులో ఈసడింపదగినది కనబడదు. గద్వాల చీరను చూడుడు. దేహము నూలు, అంచును చెంగును పట్టు. రెండును వేరువేరు పోగులైనను నేతలోనే లంకె వేసి ఒకటి చేయుదురు. చూపరులు అంచును మెచ్చుకొందురు. చీరను నిలుపునది నూలు. రచనయు అట్టిదే. ప్రతిదినపు పని నూలు. ఎప్పుడో మెరయు స్ఫూర్తి పట్టు. పట్టు దొరకువరకు మగ్గము ఎక్కనని కూర్చున్న సాలెవాని ఇంట పొయ్యి రాజదు.

ఇక మన ఇండ్ల సంగతి చెప్పుకొనవలెను. ఇంటిలో కలము సాగనివారిలో ఎక్కువమంది స్త్రీలు. వారికి ప్రతిభ లేకకాదు, విషయము లేకకాదు; గంటసేపు ఎవరును పిలువకుండ కూర్చుండు చోటు లేక. వర్జీనియా వుల్ఫ్ అను ఆంగ్లరచయిత్రి 1929లో వెలువరించిన గ్రంథమున, స్త్రీ రచన చేయవలెనన్న ఏడాదికి 500 పౌనుల రాబడియు, తనకంటూ ఒక గదియు కావలెనని వాదించెను. మన దేశమున అంతకు ముందే బండారు అచ్చమాంబగారు గదికై వేచియుండక పని ప్రారంభించిరి. 1874లో పుట్టి 1905లో అతిపిన్నవయస్సున గతించిన ఆమె బడికి పోయి చదువలేదు; తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారితో కూడ ఇంటిలోనే చదువు నేర్చుకొనిరి. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాలను ప్రకటించి, స్త్రీలు విద్యకు తగరను వాదమునకు స్త్రీల చరిత్రలతోనే సమాధానము చెప్పిరి. మరుసటి యేట ధనత్రయోదశి యను కథ వ్రాసిరి.

అచ్చమాంబగారి గ్రంథమును, గోలకొండ కవుల సంచికను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. ఒకచోట చదువుకొనిన స్త్రీలు లేరన్నారు. మరియొకచోట కవులు లేరన్నారు. రెండుచోట్లను లేరన్నవారి పేర్లను ఒక్కొక్కటిగా చేర్చుటయే జవాబైనది. ఆ చేర్చుటలోనే చేర్చువారు రచయితలైరి. కావున సంస్కారమును కోరు గృహస్థులకు మా మనవి యిది. ఇంటి ఆడువారు వ్రాయుటలేదని ఆశ్చర్యపడుట మాని, దినమునకు ఒక గంట వంటింటి పిలుపులేని కాలమును వారికి కల్పింపుడు. వారు వ్రాసినది శ్రద్ధతో చదువుడు. కలము సాగుటకు ఇంటిలో దొరకు తొలి శ్రోతకంటె గొప్ప ఔషధము లేదు.

ఈ మార్గము ప్రతాపరెడ్డిగారితో ముగియలేదు. నాగరుకర్నూలును నివాసముగా చేసికొనిన కపిలవాయి లింగమూర్తిగారు 1928లో అచ్చంపేట ప్రాంతమందలి జినుకుంటలో పుట్టిరి. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి మేనమామ అండన పెరిగిరి. పాలెములోని ప్రాచ్యకళాశాలలో ఉపన్యాసకులుగా పనిచేసిరి. 2018లో గతించునాటికి చిన్నవి పెద్దవి కలిపి నూరు దాటిన రచనలు చేసిరి. పాలమూరు సీమలోని దేవాలయములను, స్థలపురాణములను, తాటియాకుల గ్రంథములను, పల్లెపాటలను వెదకుచు తిరిగి వ్రాసిన రచయిత ఆయన. కలము సాగనినాడు కాళ్లు సాగవలెనని ఆయన జీవితము చెప్పుచున్నది. ఊరి వెలుపల శిథిలమైన గుడి యొకటి, దాని గోడపై అరిగిన యక్షరములు నాలుగు, దానిని గూర్చి కథ చెప్పు ముదుసలి యొకడు, ఇంతకంటె రచయితకు ఏమి కావలెను? విషయము లేదనువాడు తన గది గడప దాటనివాడు.

అదే జిల్లాలోని తెలకపల్లి మండలపు గౌరారమున పుట్టిన గోరటి వెంకన్నగారికి వల్లంకి తాళము అను గ్రంథమునకు 2021వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. పాలమూరు పల్లెవాడుకకు, పాటకు దక్కిన గౌరవమది. 1921లో తెలుగు పలికినందుకే హైదరాబాదు సభ నవ్వెను. నూరేండ్లకు పల్లెతెలుగే దేశమందలి పెద్దసభలో పీట వేసికొని కూర్చుండెను. తన భాష వ్రాతకు తగదను వెరపు ఎంత నిరాధారమో దీనివలన తెలియగలదు. మేము ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచున్నను, పల్లెమాటలో వ్రాయగోరు పిన్నలను వెనుకకు లాగువారము కాము. ఎవరికి ఏ భాషలో మాట ఆగక వచ్చునో అదియే వారికి తగినభాష.

ఇదంతయు వ్రాయగోరువాని సుఖమునకు సంబంధించిన విషయము మాత్రమే యైనచో మేము ఇంత చెప్పియుండము. కలము ఆగినందువలన పోవునది రచయిత కీర్తి కాదు, ఊరి జ్ఞాపకము. శ్రీశైలము జలాశయము నిండినపుడు, 1981 ప్రాంతమున, కృష్ణా తుంగభద్రల తీరముల నూరింటికి పైగా గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున మరల నిలిపిరి. రాళ్లకు గుర్తులు వేసి తరలించువారుండిరి. ఆ యూళ్ల పొలముల పేర్లకు, జాతరలకు, పాటలకు, రేవుల యొద్ద చెప్పుకొనిన కథలకు గుర్తులు వేసినవారెందరు? వ్రాసినంత మిగిలినది, తక్కినది నీటి క్రిందికి పోయినది. పనికై పుణెకు, బొంబాయికి, ఎక్కడెక్కడి ఆనకట్టలకో పోయిన పాలమూరు కూలీలు కట్టిన కట్టడములు నిలిచియున్నవి. వారి బ్రతుకుల చరిత్ర ఇంకను ముక్కలుగానే యున్నది. ఆంధ్రుల సాంఘిక చరిత్ర తరువాతి ప్రకరణములు వ్రాయువారికై వేచియున్నవి.

కావున వ్రాయగోరు చదువరులారా, కలము ఆగినపుడు మీ ప్రతిభను శంకించుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. నన్ను వ్రాయుమని పిలుచు పని ఏది? ఎన్నటిలోగా ముగింపవలెను? ఎవరు చదువుదురు? ఎవరి మాటను నేను చేర్చి కాపాడుచున్నాను? గద్వాల ఆస్థానకవికి మొదటి మూడింటికి జవాబు రాజు నుండి వచ్చినది. గోలకొండ పత్రిక సంపాదకుడు నాలుగింటికిని జవాబును తానే కల్పించుకొనెను. మనకును అదియే మార్గము. సమస్య నిచ్చు రాజులు నేడు లేరు. మీ ఇంటి ముసలవ్వ యున్నది. ఆమె పుట్టిన ఊరి పేరు, ఆ ఊరి చెరువు పేరు, కరవునాట వారు తినిన గింజ పేరు అడిగి, ఈ రాత్రి నిద్రించుటకు ముందు ఒక పుట వ్రాయుడు. రేపు మరియొక పుట వ్రాయవచ్చును.